గోంగూరకు తొందరపడకండి: న్యూజెర్సీలో తొలి వసంతం, తోటమడి, నాటు విత్తనాలు

మార్చి వచ్చిందంటే సెంట్రల్ న్యూజెర్సీలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. టౌన్‌షిప్ కమ్యూనిటీ గార్డెన్‌లో మడి దొరికింది, ఊరినుంచి అమ్మ విత్తనాలు పంపుతానంటోంది, ఎప్పుడు నాటాలి? హైబ్రిడ్ వద్దు, నాటు రకాలే కావాలి, ఎక్కడ దొరుకుతాయి? ఈ రెండూ విడివిడి ప్రశ్నలు కావని నా అభిప్రాయం. ఊరి విత్తనం మీద మమకారం సహజం. కానీ ఈ నేలలో, ఈ చలికి తట్టుకుని కాసిన మొక్కనుంచి మీరు తీసి దాచుకున్న విత్తనమే మీకు అసలైన ఆస్తి. మొదటి ఏడాదే ఆ ఆలోచనతో రకాలను ఎంచుకోండి.

ఇక్కడివాళ్లు హెయిర్‌లూమ్ అనేది తరతరాలుగా విత్తనం తీసి, దాచి, చేతులు మారుతూ వచ్చిన రకాన్ని. దాని గింజ నాటితే తల్లి మొక్కలాంటిదే వస్తుంది. ఎఫ్1 అని ముద్రించిన హైబ్రిడ్ పొట్లం కొంటే ఈ ఏడాది కాపు బాగానే ఉంటుంది గానీ, ఆ కాయలోని గింజలు వచ్చే ఏడాది ఏ గుణంతో మొలుస్తాయో చెప్పలేం. కాబట్టి పొట్లం మీద హెయిర్‌లూమ్ అని గానీ ఓపెన్ పాలినేటెడ్ (అంటే సంకరం చేయకుండా సహజ పరాగ సంపర్కంతో వచ్చిన రకం) అని గానీ ఉందో లేదో చూసి కొనండి. అయోవా రాష్ట్రంలోని డెకోరాలో ఉన్న సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ 1975 నుంచి ఇలాంటి రకాలను కాపాడుతోంది. మిస్సోరిలోని బేకర్ క్రీక్, వర్జీనియాలోని సదరన్ ఎక్స్‌పోజర్ సీడ్ ఎక్స్ఛేంజ్ కూడా నమ్మకమైనవే. రోజెల్ అన్న పేరుతో గోంగూర జాతి విత్తనాలు, బెండ, కాకర, బచ్చలి వీళ్ల దగ్గర వెతకండి. కొన్ని ప్రభుత్వ గ్రంథాలయాల్లో పుస్తకాలతోపాటు విత్తనాల పెట్టెలు కూడా ఉంటాయి. అక్కడ ఉచితంగా తీసుకుని, పంట తర్వాత కొన్ని గింజలు తిరిగి ఇవ్వవచ్చు.

మన కూరగాయలతోపాటు స్థానిక రకం ఒక్కటైనా పెట్టమని నేను గట్టిగా చెబుతాను. న్యూజెర్సీలో ఉంటూ రట్గర్స్ టమాటా పెట్టకపోవడం అన్యాయం. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో లైమన్ షెర్మర్‌హార్న్ దీన్ని రూపొందించి 1934లో విడుదల చేశారు. సూపుల కంపెనీ క్యాంప్‌బెల్ వారి రకాన్ని మార్‌గ్లోబ్ అనే మరో టమాటా రకంతో సంకరం చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏరి స్థిరపరిచిన రకం ఇది. అందుకే దీని విత్తనం మనమే తీసుకోవచ్చు. పులుపూ తీపీ సమంగా ఉండే ఈ పండు పప్పులోకీ పచ్చడికీ బ్రహ్మాండంగా కుదురుతుంది. బెండలో క్లెమ్సన్ స్పైన్‌లెస్ ఈ దేశంలో 1939లోనే బహుమతి పొందిన పాత రకం, కాపులో నిలకడ ఉంటుంది.

ఇక ఊరినుంచి వచ్చే విత్తనాల సంగతి. ఇందులో మొహమాటం లేకుండా మాట్లాడాలి. పచ్చడి సీసాల మధ్య దాచి తెచ్చే పొట్లాలు, కొరియర్‌లో "గిఫ్టు" అని రాసి పంపే పొట్లాలు రెండూ తప్పే. నాటడానికి తెచ్చే విత్తనాలకు భారతదేశంలో ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం, అంటే తెగుళ్లు, పురుగులు లేవని తెలిపే పత్రం, కావాలి. కొద్దిపాటి గింజలే అయితే అమెరికా వ్యవసాయ శాఖ వారి స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్ అనే అనుమతి ముందుగా తీసుకుంటే ఆ ధ్రువపత్రం అవసరం ఉండదు. ఆ అనుమతి కింద ఒక పొట్లంలో ఒకే రకం, 50 గింజలకు గానీ 10 గ్రాములకు గానీ మించకూడదు. ఒక విడతలో 50 పొట్లాల వరకే తేవాలి. పొట్లం మీద వృక్షశాస్త్ర నామం రాయాలి, మట్టి అంటుకుని ఉండకూడదు, మందు పట్టించినవి కాకూడదు. అన్ని రకాలకూ ఇది వర్తించదు. మీ రకం అనుమతించినదేనా అని ముందే చూసుకోండి. తూటికూర విత్తనం మాత్రం ఆలోచనకు కూడా రానివ్వకండి, ఇక్కడ అది ఫెడరల్ ప్రభుత్వం నిషేధించిన కలుపు జాబితాలో ఉంది. విమానాశ్రయంలో విత్తనాలు ఉన్నాయని కస్టమ్స్ అధికారులకు తప్పకుండా చెప్పండి. చెప్పినవాటిని మహా అయితే తీసేసుకుంటారు, చెప్పనివాటికి జరిమానా వేస్తారు. వీసా మీద ఉన్నవారికి ఆ తలనొప్పి అస్సలు వద్దు.

కరివేపాకుది వేరే కథ. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడాలో ఉన్న బంధువులు తమ పెరటి మొక్కను కారులో వేసుకుని తెచ్చి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. స్థానిక నర్సరీలో కొని కుండీలో పెంచుకోండి. శీతాకాలం ఇంట్లోనే ఉండాలి, మడిలో బతకదు.

దుకాణాల్లో దొరికేవాటిని మరచిపోవద్దు. ఇండియన్ గ్రాసరీలో కొన్న మెంతులు, ధనియాలు, ఆవాలు చక్కగా మొలుస్తాయి. ధనియాలను చేత్తో నలిపి రెండు పలుకులు చేసి చల్లండి. బచ్చలి కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎప్పుడు నాటాలి. ఇక్కడ వసంతం ఒకటి కాదు, రెండు. మార్చి చివరినుంచి ఏప్రిల్ అంతా చలి వసంతం. నేల మెత్తబడగానే మెంతికూర, కొత్తిమీర, పాలకూర, చుక్కకూర, ఆవాకు, ముల్లంగి, బఠాణీ చల్లేయవచ్చు. మన దగ్గర ఇవన్నీ శీతాకాలపు పంటలని గుర్తుంచుకుంటే చాలు, ఇక్కడ ఏప్రిల్‌ను మన డిసెంబరుగా లెక్క వేసుకోవచ్చు. జూన్ ఎండలకు కొత్తిమీర, పాలకూర పూతకు వచ్చేస్తాయి, కనుక ఆలస్యం చేస్తే నష్టం మనదే. కొత్తవాళ్లు చాలామంది ఈ ఆకుకూరల సమయాన్ని వదిలేసి, బెండ, బీర కోసం ఏప్రిల్‌లో తొందరపడతారు. మొత్తం క్యాలెండర్ అక్కడే తలకిందులవుతుంది.

రెండో వసంతం మే మధ్యనుంచి. ఈ ప్రాంతంలో తెల్లవారుజామున ఆకులమీద పేరుకునే మంచు, ఇక్కడివాళ్లు ఫ్రాస్ట్ అనేది, ఏప్రిల్ చివరి దాకా, ఒక్కోసారి మే మొదటి వారాల్లోనూ పడుతుంది. మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటాక టమాటా నారు నాటడం ఇక్కడి అలవాటు. వంగ, మిరప, బెండ, గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు, తీగజాతులన్నీ మెమోరియల్ డే వరకు, అంటే మే చివరి సోమవారం వరకు, ఆగడమే మంచిది. పగలు ఎండ కాస్తోంది కదా అని మోసపోకండి. గింజకు కావలసింది నేల వేడి. నేల 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 18 సెల్సియస్‌కు, చేరనిదే బెండ గింజ సరిగ్గా మొలవదు, తడిలో కుళ్లిపోతుంది. కాకరకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. మట్టిలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, తక్కువ ధరకే వస్తుంది. పొద్దున పూట నాలుగు అంగుళాల లోతులో చూసి నిర్ణయం తీసుకోండి.

ఆగితే కాపు ఆలస్యమవుతుందన్న దిగులు అక్కర్లేదు, ఆ సమయాన్ని ఇంట్లో నారు పోసి సంపాదించుకోవచ్చు. మిరప, వంగ మార్చి మొదట్లో, టమాటా మార్చి చివర్లో పోయండి. కిటికీ వెలుగు చాలదు, నారు సన్నగా సాగి పడిపోతుంది. మామూలు ఎల్‌ఈడీ ట్యూబులైట్‌ను నారుకు రెండు మూడు అంగుళాల ఎత్తులో వేలాడదీసి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. కాకర, పొట్ల, సొర, బీర గింజల చివరను నెయిల్ కట్టర్‌తో కొంచెం గీరి, రాత్రంతా నానబెట్టి, తడి కాగితంలో చుట్టి వెచ్చని చోట పెట్టండి. మొలక కనబడగానే కాగితపు కప్పుల్లోకి మార్చండి. వీటి వేళ్లు కదిలితే మొక్క అలుగుతుంది, కాబట్టి ఏప్రిల్ మూడో వారానికి ముందు మొదలుపెట్టవద్దు, కప్పుతో సహా నాటేయండి. ఇంట్లో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా వారం పది రోజులు మొదట నీడలో గంటసేపు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ బయటి గాలికి అలవాటు చేయండి.

చిక్కుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పాత పందిరి చిక్కుడు పగలు చిన్నదైతేనే పూస్తుంది. ఇక్కడ జూన్, జులైలో పగలు చాలా పొడవు, తీగ పందిరంతా కమ్మేస్తుంది గానీ పువ్వు కనబడదు. సెప్టెంబరులో పూత వస్తుంది, అక్టోబరులో మంచు వచ్చి మాడ్చేస్తుంది. కనుక పగటి పొడవుతో పనిలేని పొద చిక్కుడు రకాలు ఎంచుకోండి. గోంగూరకు కూడా ఇదే గుణం ఉంది, కానీ మనకు కావలసింది ఆకే గనుక చింత లేదు. వర్జీనియాలో ప్రెసిడెంట్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకు వెళ్లినప్పుడు పందిరిమీద ఊదారంగు చిక్కుడు చూడండి. మనం కూర వండుకునే జాతినే అక్కడ పూల అందానికి పెంచుతారు. దాని ముదురు గింజలు ఉడికించి నీళ్లు మార్చకుండా తినకూడదు.

మడి మీది కాదు, మీకు వాడుకోవడానికి ఇచ్చినది. నిబంధనల కాగితం మొత్తం చదవండి. ఫలానా తేదీలోపు నాటకపోయినా, కలుపు పెరిగినా మడి వెనక్కి తీసుకుని వేచి ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. తెలుగువాళ్ల విషయంలో ఎక్కువగా మాట వచ్చేది పందిరి దగ్గర. సొరపాదు పందిరి ఎత్తుగా వేస్తే పక్క మడిలో టమాటాకు నీడ పడుతుంది. నీడ ఎక్కువగా ఉత్తరం వైపు పడుతుంది, అది మీ మడిలోనే పడేలా పందిరికి చోటు ఎంచుకుని, పక్కవారితో మాట్లాడండి, ఎత్తు పరిమితి ఉంటే పాటించండి. పుదీనా నేలలో నాటకండి, అది గట్లు దాటిపోతుంది. చాలా తోటల్లో పంట అమ్మడం నిషేధం. అంతకుమించి, పని అనుమతి లేని వీసా మీద ఉన్నవాళ్లు వాట్సాప్‌లో గోంగూర కట్టలు అమ్మడం మొదలుపెట్టవద్దు. పంచిపెట్టండి, చాలా బాగుంటుంది. పక్క మడి ఇటాలియన్ పెద్దాయన మీ కాకరకాయను వింతగా చూస్తారు, మీకు తులసి జాతి బేసిల్ నారు ఇస్తారు. నాటు విత్తనాలు చేతులు మారేది ఇలాంటి పరిచయాల్లోనే.

మొదటి ఏడాదే మట్టి పరీక్ష చేయించండి. జిల్లా స్థాయిలో ఉండే రట్గర్స్ కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ (విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ సలహా విభాగం) కార్యాలయం దగ్గర వివరాలు దొరుకుతాయి. పాత భవనాలు, రహదారులు దగ్గరలో ఉంటే సీసం పరీక్ష కూడా అడగండి. ఆకుకూరలు పెట్టేవాళ్లకు అది ముఖ్యం.

ఏప్రిల్, మే నెలల్లో అమ్మానాన్నలు వస్తే తోట కళ మారిపోతుంది. గొప్పు తవ్వడం, పాదు చేయడం మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. వాళ్లను లోపలికి తీసుకువెళ్లడానికి తోటవాళ్ల అనుమతి అడగండి. ఇంకొక మాట తప్పకుండా చెప్పండి: గడ్డిలో జింకపేలు, అంటే టిక్స్, ఉంటాయి. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. లేతరంగు పొడవు ప్యాంటు వేసుకుని, మేజోళ్లలోకి దోపుకోవాలి. ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చెవుల వెనక చూసుకోవాలి. చీరకట్టులో పనిచేసే అమ్మలకు ఇది మరీ అవసరం.

పురుగుల్లో వంగ ఆకును జల్లెడ చేసే ఫ్లీ బీటిల్‌ను నాటిన రోజునుంచే తెల్లటి పలుచని గుడ్డ కప్పి ఆపవచ్చు, పూత వచ్చాక తీసేయాలి. బెండ, గోంగూర ఆకులను జులైలో జపనీస్ బీటిళ్లు తింటాయి, పొద్దున్నే సబ్బునీళ్ల డబ్బాలోకి దులిపేయండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు నిలవకపోతే ఆ వేళ మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దండి, కాయ నిలుస్తుంది.

ఇక విత్తనం తీయడం. టమాటా, చిక్కుడు జాతులతో మొదలుపెట్టండి, ఇవి తమ పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతాయి. మంచి కాపున్న, రోగం సోకని మొక్కకు ఎర్రదారం కట్టి, దాని కాయ ఒకటి పూర్తిగా పండేదాకా వదలండి. టమాటా గింజలను జిగురుతో సహా నీళ్లలో రెండు మూడు రోజులు పులియబెట్టి కడిగి ఆరబెట్టాలి. బెండ, మిరప తేనెటీగల వల్ల కలుస్తాయి, కాబట్టి మొగ్గగా ఉన్నప్పుడే చిన్న గుడ్డసంచి కట్టండి. మన పసుపు దోసకాయ నిజానికి ఖర్బూజా జాతి. పక్క మడిలో కాంటలూప్ ఉంటే దానితో కలుస్తుంది, సలాడ్ దోసతో కలవదు. గుమ్మడి, జుకిని విత్తనం మాత్రం ఇతరుల మడుల మధ్య తీయకండి. అలంకారపు గుమ్మడితో కలిస్తే ఆ గింజనుంచి వచ్చే కాయ విషపు చేదుగా ఉండవచ్చు. ఏ సొర, గుమ్మడి కాయైనా నాలుకకు చేదు తగిలితే వండకుండా పారేయండి. గోంగూర పూత వచ్చేసరికే చలి వచ్చేస్తుంది, దాని గింజ ఇక్కడ పండేది అరుదు. సెప్టెంబరులో కాడలు కోసి కుండీలో నాటి ఇంట్లోకి తెచ్చుకోండి, లేదా విత్తనం ఏటా కొనండి. తోటకూర గింజ మాత్రం కావలసినంత, కంకి ఎండకముందే సంచిలోకి దులపండి, లేకపోతే వచ్చే ఏడు పక్కవారి మడి నిండా అదే మొలుస్తుంది.

ఎండిన గింజను కాగితపు కవరులో వేసి, రకం పేరు, తీసిన సంవత్సరం, ఎవరిచ్చారో రాయండి. గాజు సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో కిందివైపు ఉంచండి. టమాటా, వంగ గింజలు అలా నాలుగైదేళ్లు నిలుస్తాయి. ఉల్లి గింజ మరుసటి ఏడాదికే బలహీనపడుతుంది, దాన్ని దాచవద్దు. ఫిబ్రవరిలో సీసా తీసి, పది గింజలు తడికాగితంలో చుట్టి ఎన్ని మొలుస్తాయో చూసుకుని, ఆ లెక్క ప్రకారం నారు పోసుకోండి.