మబ్బుగా ఉన్న బీరు, అరటిపండు వాసన: పాడైనట్టేనా?

మొదటిసారి మైక్రోబ్రూవరీలో గోధుమ బీరు తాగాననీ, మబ్బుగా ఉండి అరటిపండు వాసన కొట్టిందనీ రాశారు. ఎసెన్స్ కలిపారా, పాడైందా అని మీ సందేహం. రెండూ కాదు. ఇదే అనుమానంతో గొడవపెట్టుకుని పరువు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నాది మామూలుగా దొరికే తేట బీరైన సీసా లాగర్‌కి అలవాటుపడ్డ నోరు. ఆ రోజు గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తే అవతల ఏమీ కనబడలేదు. ఒక గుక్క తాగి, ఇందులో ఏదో కలిపారని దబాయించాను. బీరు కాచే ఆయనే బయటికొచ్చి, ఏమీ కలపలేదండీ, అది బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి, ఈస్ట్ వాసన అన్నాడు. నమ్మలేదు. ఇంటికొచ్చి చదివాక సిగ్గేసింది.

మీరు తాగింది చాలావరకు హెఫెవైజెన్ అయ్యుంటుంది. జర్మన్‌లో హెఫె అంటే ఈస్ట్, వైజెన్ అంటే గోధుమ. మాల్ట్‌లో (మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో) కనీసం సగం గోధుమే. దాని ప్రోటీన్లూ, వడకట్టకుండా వదిలేసిన ఈస్టూ కలిసి ఆ మబ్బు తెస్తాయి. పులిసేటప్పుడు ఈ ఈస్ట్ ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం తయారుచేస్తుంది. నిజం అరటిపండుకి ఆ వాసన ఇచ్చేదీ ముఖ్యంగా అదే! గింజలోని ఫెరులిక్ ఆమ్లాన్ని మార్చి లవంగం వాసన పుట్టించేదీ ఈ ఈస్టే. తమాషా ఏంటంటే, బవేరియాలో 1516లో వచ్చిన బీరు శాసనం బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), నీళ్లు మాత్రమే వాడాలంది. ఇంత పని చేసే ఈస్ట్ ఊసే అందులో లేదు, పులియబెట్టేది అదేనని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు మరి.

లవంగం వాసన నాకు మొదటి గుక్కలో దొరకలేదు. బాగా చల్లగా ఉంటే వాసనలు పైకి రావు. ఈ బీరుకి 8 డిగ్రీల దగ్గర బాగుంటుంది. సగం గ్లాసు తాగి కాసేపు ఆగండి, అప్పుడు మళ్లీ వాసన చూడండి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి, సగం రుచి అక్కడే తెలుస్తుంది. వైన్‌లాగా ఉమ్మేయకండి, చేదు అసలు సంగతి మింగాకే బయటపడుతుంది. నాలుగైదు రకాలు చిన్న గ్లాసుల్లో ఇస్తే తేలికైనదాంతో మొదలుపెట్టి బాగా చేదుగా ఉండే ఐపీఏ, నల్లటి ఘాటైన స్టౌట్ చివరికి ఉంచుకోండి. నేను నల్లగా ఉందన్న సరదాకొద్దీ స్టౌట్ ముందు తాగేశాను. ఆ తర్వాత గోధుమ బీరు నీళ్లలా అనిపించింది. (చిన్న గ్లాసులే కదా అని బండి మాత్రం తీయకండి.)

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. మరోసారి అక్కడే లేత రంగు లాగర్ తాగితే కమ్మగా వెన్న వాసన, నాలుక మీద నూనె రాసినట్టు జారుడు. అబ్బ, ఎంత బాగుందో అని తెగ మెచ్చుకున్నాను. అసలు లోపం అదీ! దాని పేరు డైఅసిటైల్. పులిసేటప్పుడు ఈస్టే దాన్ని పుట్టించి, చివర్లో తనే తిరిగి పీల్చేసుకుంటుంది. ఆ నాలుగు రోజులు ఆగకుండా తొందరపడి చల్లార్చేస్తే బీరులోనే ఉండిపోతుంది. బాగున్నదాన్ని తిట్టి, బాగాలేనిదాన్ని పొగిడానన్నమాట.

అందుకే ముందు ఏ రకమో అడగండి. గోధుమ బీరులో మబ్బు సహజం, తేటగా ఉండాల్సిన లేత లాగర్ రకం పిల్స్‌నర్‌లో అయితే అనుమానించాలి. పుల్లటి రకం కాకుండానే వినెగర్‌లా పుల్లగా ఉంటే పైపులు శుభ్రంగా లేకపోయి ఉండొచ్చు. లేత లాగర్‌లో ఉడికించిన మొక్కజొన్న వాసన గుప్పున కొట్టినా లోపమే. బుడగలు గ్లాసు లోపలి గోడకి అంటుకుపోయి కదలకపోతే గ్లాసు సరిగ్గా కడగలేదు, వేరేది అడగండి.

అడగడానికి మొహమాటపడకండి. ఈమధ్య ఒకచోట మళ్లీ ఆ వెన్న వాసనే తగిలి మెల్లగా చెప్పాను. వాళ్లూ రుచి చూసి, గ్లాసు వెనక్కి తీసుకుని, వేరే ట్యాప్ నుంచి పట్టి ఇచ్చారు.