టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లాడికి గోల్స్ రాసేటప్పుడు

అమలాపురం

అమ్మడూ,

నిన్ను పిల్లల వార్డులో వేశారని, టాన్సిల్స్ ఆపరేషన్ అయిన బాబుకి కేర్ ప్లాన్ (ఏం గమనించాలో, ఏం చేయాలో నర్సులు రాసుకునేది) రాయడానికి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపింది చదివాను. "నొప్పి తగ్గాలి, రక్తస్రావం కాకూడదు, ద్రవాలు బాగా తాగాలి" అన్నావు. తప్పేం లేదు. కానీ రాత్రి డ్యూటీకొచ్చిన సిస్టర్ అది చదివి ఏం చూడాలి? ఎంత, ఎప్పటికల్లా, ఏ గుర్తుతో తెలుస్తుంది అన్నవి ఉంటేనే అది గోల్.

ముందు ఊపిరి, తర్వాత రక్తం, ఆ తర్వాతే నొప్పీ నీళ్ళూ. ఈ వరస మార్చకు. మత్తు పూర్తిగా దిగేదాకా బాబుని పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఊరేది బయటికి జారిపోవాలి.

రక్తం సంగతి వివరంగా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, పాప హాయిగా నిద్రపోతోందనుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను. వాళ్ళ అమ్మమ్మ వచ్చి, "సిస్టరమ్మా, నిద్రలో మాటిమాటికీ గుటకలేస్తోందండీ" అంది. టార్చి వేసి చూస్తే గొంతు వెనక సన్నగా రక్తం కారుతోంది. పాప దాన్ని మింగేస్తోంది. దిండు మీద ఒక్క చుక్క లేదు! డాక్టరుగారు పరుగున వచ్చారు కాబట్టి పాప దక్కింది. అందుకే ఇలా రాయి: "మొదటి 24 గంటల్లో అదేపనిగా గుటకలు వేయడం, ఎర్రటి వాంతి, పల్స్ పెరుగుతూ పోవడం ఉండకూడదు."

నీళ్ళకి లెక్క కట్టు. బాబు 18 కిలోలు. మొదటి 10 కిలోలకి కిలోకి 100 మిల్లీలీటర్లు, మిగతా 8కి 50 చొప్పున, సెలైన్‌తో కలిపి రోజుకి 1400. తల్లికి మిల్లీలీటర్లు చెప్పకు. సెలైన్ తీసేశాక మెలకువగా ఉన్నంతసేపూ గంటకో టీగ్లాసు అని చెప్పు. మన కోనసీమలో బొండం నీళ్ళకేం లోటు! పుల్ల ఐస్ కూడా పెట్టొచ్చు, ఎర్రది మాత్రం వద్దు. వాంతి చేసుకుంటే రంగో రక్తమో తెలీదు. జంతికలూ, చేగోడీలూ మానేయాలి.

తాగనని మొండికేస్తే తిట్టనివ్వకు, నొప్పికే తాగడు. నొప్పి మందు డాక్టరు రాసిన టైముకి పడాలి, ఏడ్చేదాకా ఆగకూడదు. 0 నుంచి 10 దాకా అంకెలున్న ముఖాల బొమ్మలు చూపించి ఏది తనలా ఉందో అడుగు. మందు వేసిన గంటకి ఆ స్కోరు 4కో, ఇంకా కిందికో దిగాలని రాయి. చెవి నొప్పన్నా కంగారుపడకు, అది గొంతు నుంచి వచ్చేదే. ఇంట్లో మిగిలిన దగ్గు మందు వేయొద్దని తల్లికి గట్టిగా చెప్పు. అందులో కోడీన్ ఉంటే 12 ఏళ్ళలోపు పిల్లలకి ఊపిరే మందగించొచ్చు.

ఇంటికి పంపే గోల్ నువ్వు అసలు రాయలేదు. గొంతులో తెల్లటి పెచ్చు కడుతుంది, భయం లేదు. అది ఊడేది ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య, రక్తం మళ్ళీ రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నదీ అప్పుడే. వాళ్ళది లంక గ్రామం అన్నావు. అర్ధరాత్రి రక్తం పడితే రేవులో పడవ ఎవరు తీస్తారు? ఆ ఐదారు రోజులూ ఇవతలి ఒడ్డున చుట్టాలింట్లో ఉండగలరేమో అడుగు. డిశ్చార్జికి ముందే ప్రమాదం గుర్తులు తల్లి తన మాటల్లో నీకు తిరిగి చెప్పాలి. ఇది కూడా ప్లాన్‌లో రాయి.

మార్చి రాసి పంపు, ఈ రాత్రికే చూస్తాను.

మీ పెద్దమ్మ