పాత రైఫిలు, దొరకని తూటా

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో మా ఇంట్లో తాతగారి మార్టినీ-హెన్రీ రైఫిలు ఉంది. ఆయన పోయి ఏడాదైంది. దాని మీద .577/450 అని ఉంది. షాపులో అడిగితే .315, పన్నెండు బోరు తప్ప ఏవీ లేవన్నారు. విదేశాల్లో తూటాలు ఇంట్లోనే నింపుకుంటారట. మనమూ నింపుకోవచ్చా?

జవాబు: తూటా సంగతి తర్వాత. లైసెన్సు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ఆ రైఫిలు మీ ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. ఆ తర్వాత వారసుడిగా నగర పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. వారసత్వంగా వచ్చింది కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఇక నింపుకోవడం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి, తుపాకీ లైసెన్సు దానికి చెల్లదు. నాలుగు తూటాలైనా అంతే. ఉల్లంఘిస్తే ఏడేళ్లకు తక్కువ కాని జైలు.

చట్టం ఒప్పుకునే దేశాల్లో కూడా ఈ తూటా ఆషామాషీ వ్యవహారం కాదు. 577 అనేది మాతృక అయిన, స్నైడర్ అనే అంతకు ముందటి రైఫిలు తూటా నుంచి వచ్చిన అంకె. మెడ దగ్గర నొక్కి .450 గుండుకు సరిపెట్టారు. 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన ఈ రైఫిలు బ్లాక్ పౌడర్, అంటే పొగ వచ్చే పాతకాలపు నల్లమందు కోసం చేసింది. ఈనాటి పొగలేని మందు అలా కాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత వేగంగా కాలుతుంది, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పాత కొలత్తోనే కొత్త మందు పోస్తే బ్యారెల్ పగలడానికి ఒక్క దెబ్బ చాలు. బ్యారెల్ మీద కిరీటం కింద ఎన్‌పీ అనే ముద్ర లేకపోతే అది పొగలేని మందుకు పరీక్షించిన రైఫిలు కాదనే అనుకోండి. ముద్ర ఉన్నా, తర్వాత గొట్టం తుప్పు పట్టి గుంటలు పడి ఉంటే ఆ హామీ చెల్లదు.

ప్రశ్న: బ్యారెల్ మీద అంకెలు అరిగిపోయాయి. ఏ తూటాదో తెలుసుకునేదెలా? (జయనగర్)

జవాబు: దొరికిన తూటా దూర్చి చూడొద్దు. ఛాంబర్, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గది, దాని అచ్చు తీయించాలి. లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత చేయించండి, పద్ధతి తెలిసి ఉంటే పక్కన నిలబడి గమనించవచ్చు. ఛాంబర్‌ను శుభ్రంగా తుడిచి, పలచగా నూనె రాసి, రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలిక గాళ్లు) మొదలయ్యే చోటు కాస్త దాటాక గుడ్డముక్క బిగిస్తారు. సెర్రోసేఫ్ అనే మిశ్రలోహం సుమారు 71 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించినా చాలు. పోశాక అరగంటలోపే మూతి వైపు నుంచి కడ్డీతో మెల్లగా నెట్టి తీయాలి. మొదట కాస్త కుంచించుకుంటుంది, అందుకే సులువుగా వస్తుంది. ఆలస్యం చేస్తే తిరిగి వ్యాకోచించి లోపలే బిగుసుకుంటుంది. పోసిన గంటకు అసలు కొలతకు వస్తుంది, అప్పుడే కాలిపర్ పెట్టాలి. మర్నాడు కొలిస్తే లెక్క తేడా వస్తుంది. అంచు, అడుగు, భుజం, మెడ, మొత్తం పొడవు, ఈ ఐదు కొలతలూ రాసుకోండి. గుండు వ్యాసం ఒక్కటే పట్టుకుని పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. .450 పేరుతో ఒకదానికొకటి సరిపోని తూటాలు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: పెట్టెలో పాత తూటాలు దొరికాయి. ఇత్తడి మీద సన్నటి పగుళ్లున్నాయి. కాల్చవచ్చా? (మారతహళ్లి)

జవాబు: వద్దు. ఆ పగుళ్లకు మన దేశంతోనే సంబంధం ఉంది. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే పగులుతుందని 1921లో తేల్చారు. అలాంటి ఇత్తడి తొడుగు పేలితే వాయువు వెనక్కి, మీ మొహం మీదికే వస్తుంది. విప్పి మందు తీయడం, నిప్పుల్లో వేయడం రెండూ వద్దు. జేబులో వేసుకుని బస్సెక్కకండి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి.

ప్రశ్న: పురాతన వస్తువు కాబట్టి గోడకు తగిలించుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంటున్నారు. (కోరమంగళ)

జవాబు: అన్నవాళ్లు 45వ సెక్షన్ సగమే చదివారు. మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉంటేనే మినహాయింపు. స్ప్రింగు మారిస్తే పనిచేసే రైఫిలుకు అది వర్తించదు.

ప్రశ్న: పాత తూటాలు కాల్చిన రైఫిల్‌కు నూనె పట్టించినా గొట్టం తుప్పు పడుతోంది. (యలహంక)

జవాబు: పాత ప్రైమర్లలోని (తూటా అడుగున నిప్పు రాజేసే మూతలు) పొటాషియం క్లోరేట్ కాలాక పొటాషియం క్లోరైడ్ ఉప్పును వదులుతుంది. అది నూనెలో కరగదు, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అదేరోజు మరిగిన నీళ్లు గరాటుతో ఛాంబర్ వైపు నుంచి పోసి, పొడి గుడ్డలతో మసి రానంత వరకూ తుడిచి, గొట్టం ఇంకా వెచ్చగా ఉండగానే నూనె పట్టించండి. వారం తర్వాత ఒకసారి తెల్లగుడ్డ దూర్చి చూడండి. ఎర్రగా వస్తే మళ్లీ నీళ్ల నుంచి మొదలుపెట్టాల్సిందే.