రెండు సౌండ్లు కలపాలంటే వై కేబుల్ చాలదు

సందేహం: ఆఫీసు ల్యాప్‌టాప్‌ని, సొంత డెస్క్‌టాప్‌ని వై కేబుల్‌తో ఒకే జత స్పీకర్లకి కలిపాను. సౌండ్ బాగా తగ్గింది. ఒకటి ఆపేస్తే రెండోది కూడా సరిగ్గా వినపడట్లేదు. స్పీకర్లు పోయాయా? – ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: స్పీకర్లకేమీ కాలేదండీ. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. వై కేబుల్ ఉన్నది ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్‌లకి పంచడానికి. మీరు రెండు అవుట్‌పుట్‌లని ఎదురెదురుగా కట్టేశారు. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకి అది కలిగించే అడ్డంకి) చాలా తక్కువ, స్పీకర్ ఇన్‌పుట్‌ది సాధారణంగా 10 కిలోఓమ్‌లు, ఆపైన. అందుకే ల్యాప్‌టాప్ పంపే కరెంటు స్పీకర్లని వదిలేసి డెస్క్‌టాప్‌లోకి పారుతుంది. ఆపేసినా లాభం లేదు, ఆఫ్‌లో ఉన్నప్పుడు అవుట్‌పుట్‌ని గ్రౌండ్‌కి (సిగ్నల్ తిరిగొచ్చే ఉమ్మడి తీగకి) కలిపేసే పరికరాలున్నాయి. ఇలాగే వాడితే సౌండ్ చీలుతుంది, అవుట్‌పుట్ చిప్ మీదా భారం పడుతుంది.

ఒకదాని కరెంటు రెండోదాంట్లోకి పారకుండా మధ్యలో రెసిస్టర్లు పెట్టాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో 1 కిలోఓమ్, పావు వాట్‌వి నాలుగు కొనండి. వాటి మీద వరసగా గోధుమ, నలుపు, ఎరుపు, బంగారు గీతలుంటాయి. రెండు 3.5 మి.మీ. స్టీరియో ప్లగ్‌లు, ఒక సాకెట్ కావాలి. ప్రతి ప్లగ్‌లో కొన (ఎడమ ఛానెల్) నుంచి ఒక రెసిస్టర్, దాని వెనకుండే రింగు (కుడి ఛానెల్) నుంచి ఒకటి. కొనల నుంచి వచ్చినవి రెండూ సాకెట్ కొనకి, రింగులవి రింగుకి, గ్రౌండ్‌లు మూడూ నేరుగా ఒకచోటికి. రెసిస్టర్ కాళ్లు తగులుకోకుండా ప్లాస్టిక్ గొట్టం తొడగండి. సౌండ్ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, వాల్యూమ్ పెంచుకుంటే సరి. ఎక్కువ వేస్తే మంచిదనుకుని 100 కిలోఓమ్‌లు పెట్టారో, 10 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ దగ్గర సిగ్నల్ పన్నెండో వంతుకి పడిపోతుంది. యాంప్లిఫైయర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే తీగల్ని మాత్రం ఎప్పుడూ ఇలా కలపకండి, యాంప్లిఫైయర్ కాలిపోవచ్చు.

ఛార్జర్ పెట్టగానే హమ్ (గుయ్‌మనే మోత) వస్తే, రెండు పరికరాల గ్రౌండ్‌లని విడదీసే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ వేయండి. హమ్ పోతుందని ఛార్జర్ ఎర్త్ పిన్ను పీకేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

నాకు అసలు భయం వేరే ఉంది. ఇది కుదిరాక చాలామంది మూడోదిగా ఒక చవక బ్లూటూత్ రిసీవర్ కూడా తగిలిస్తారు. ఈ రెసిస్టర్ల మిక్సర్‌లో స్విచ్ ఉండదు కాబట్టి అది రాత్రీపగలూ ఆన్‌లోనే పడి ఉంటుంది. పిన్ అడక్కుండానే ఎవరితోనైనా జతకట్టేవి వీటిలో ఎన్నో. కాల్స్ కోసం మైకు కూడా ఉన్న రకమైతే, గోడవతల పీజీలో ఉన్నవాడు మీ ఆఫీసు మీటింగంతా వినొచ్చు! ఇలాంటి వస్తువుని అమ్మకానికి పెట్టడమే తప్పు. మైకు లేనిది, బటన్ నొక్కితేనే పెయిరింగ్‌కి వెళ్లేది ఎంచుకోండి. పని అయ్యాక దాని పవర్ పీకేయండి.

వై కేబుల్ తల మీద సిగ్నల్ ఎటు పోవాలో చూపే ఒక బాణం గుర్తు వేయడానికి తయారీదారులకి ఏం అడ్డమో! హెడ్‌సెట్ మైకుని విడదీసే అడాప్టర్ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. కొనేముందు ప్లగ్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి: రెండుంటే స్టీరియో, మూడుంటే మైకుది.