ఏడో నెల అన్నారు, ముందు ఆ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 31. ఏడాదిలో మూడుసార్లు మర్మాంగం దగ్గర నీటి పొక్కులు గుంపుగా వచ్చి, పగిలి, మంట పెట్టి, పది రోజుల్లో మానాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. వేడి చేసిందని స్నేహితుడు అంటున్నాడు. ఏ పథ్యం పాటించాలి? పూర్తిగా పోయే మందు ఉందా? నా భార్యకు ఏడో నెల. ఆమెకు చెప్పలేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పథ్యం మాట తర్వాత. మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలే నన్ను కలవరపెట్టాయి.

లక్షణాలను బట్టి ఇది జననేంద్రియ హెర్పిస్ (కలయిక ద్వారా సోకే వైరస్ జబ్బు) కావచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను. సిఫిలిస్ అనే మరో సుఖవ్యాధి కాదని కూడా పరీక్షతో నిర్ధారించుకోవాలి. హెర్పిస్ అయితే, మీ భార్యకు ఇంతవరకు సోకకుండా ఈ చివరి నెలల్లో మొదటిసారి సోకితే ప్రసవంలో బిడ్డకు చేరే ముప్పు చాలా ఎక్కువ. తల్లి ఒంట్లో వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు తయారై బిడ్డకు అందేంత వ్యవధి ఉండదు. ఆమెకు ఎప్పుడో సోకి ఉంటే ఆ ముప్పు బాగా తక్కువ. ఏది నిజమో తెలియదు కాబట్టి ప్రసవం వరకు కలయిక వద్దు, నోటితోనూ వద్దు. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది కానీ అది కప్పని చర్మం నుంచి వైరస్ సోకుతుంది. పొక్కులు లేని రోజుల్లోనూ సోకవచ్చు.

ఈ వారమే ఆమెకు, ఆమెను చూస్తున్న గైనకాలజిస్టుకు చెప్పండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న తగవు వద్దు. ఇది ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. నొప్పులు మొదలైనప్పుడు ఆమెకు పుండ్లు ఉంటే సాధారణంగా సిజేరియన్ చేస్తారు. ఆ నిర్ణయానికి డాక్టరుకు ముందే తెలిసి ఉండాలి.

ఇక ఆ ఆయింట్‌మెంట్. పేరు రాయలేదు. నా దగ్గరకు వచ్చేవారు చూపించే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు మంట అణగడంతో మందు పనిచేస్తోందనుకుంటారు. లోపల మాత్రం చర్మం రక్షణ తగ్గి వైరస్‌కు దారి దొరుకుతుంది. పుండు రూపమే మారిపోయి మేమూ పోల్చుకోలేకపోతాం. మూడుసార్లు వచ్చినా ఒక్కసారీ డాక్టరుకు చూపించకపోవడం తప్పు, కోపగించుకోకండి. ఈసారి పొక్కు లేచిన ఒకటి రెండు రోజుల్లోనే చర్మ, సుఖవ్యాధుల నిపుణుడి దగ్గరకు వెళ్లండి. అప్పుడైతే ద్రవం తీసి, అందులో వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్ష చేయవచ్చు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి, ప్రభుత్వ ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో) ఉచితం.

వేడికీ, పథ్యానికీ దీనితో సంబంధం లేదు. వైరస్ నాడుల మొదళ్లలో దాగి ఉండి జ్వరం, ఒత్తిడి వంటివి ఉన్నప్పుడు మళ్లీ పైకి వస్తుంది. పూర్తిగా తుడిచిపెట్టే మందు లేదు. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి వైరస్‌ను అణచే మందులు వెంటనే మొదలుపెడితే త్వరగా మానుతుంది. తరచూ వచ్చేవారికి రోజూ వేసుకునే పద్ధతి ఉంది. కిడ్నీల స్థితిని బట్టి మోతాదు మారుతుంది, కాబట్టి ఇక్కడ రాయను.

బిడ్డ పుట్టాక, పెదవి మీద పొక్కులున్న చుట్టాలెవరినీ ముద్దు పెట్టుకోనివ్వకండి, అవీ హెర్పిస్ కావచ్చు. పుండు తాకిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి. మొదటి నెలలో బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, ఒంటి మీద పొక్కు కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లి, మీకున్న ఈ సమస్య అక్కడ చెప్పండి.