గ్రహం అనే ముందు నక్షత్రాలను లెక్కపెట్టు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన చిత్రాన్ని చాలాసేపు చూశాను. పసి నక్షత్రాల చుట్టూ తిరిగే దుమ్ము చక్రం నడుమ అంత శుభ్రమైన ఖాళీ కనిపిస్తే ఎవరి మనసైనా ఆగదు. "ఇందులో గ్రహం పుడుతోందా మామయ్యా?" అని అడిగావు. పుడుతూ ఉండవచ్చు. అయితే ఆ మాట నలుగురిలో చెప్పడానికి ముందు చేయవలసిన పని చాలా ఉంది.

నువ్వు ఎంచుకున్నవి జంట నక్షత్రాలు. ఒంటరి నక్షత్రం చుట్టూ ఖాళీ కనిపిస్తే అనుమానం నేరుగా గ్రహం మీదికి వెళుతుంది. జంట దగ్గర అలా వీలుకాదు. గ్రహం చేస్తుందని మనం చెప్పుకునే పనులన్నీ రెండో నక్షత్రం ఇంకా బలంగా చేయగలదు. దుమ్మును తోసేసి ఖాళీ చేస్తుంది, వలయాన్ని ఒక పక్కకు లాగుతుంది, సర్పిలాలు పుట్టిస్తుంది, చక్రాన్నే వంచేస్తుంది. అందుకే నా మొదటి సలహా, నిజానికి అసలు సలహా ఇదే: గ్రహాన్ని వెతకడం మొదలుపెట్టే ముందు అక్కడ ఎన్ని నక్షత్రాలు ఉన్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో, ఎలా తిరుగుతున్నాయో తేల్చుకో.

కోకు టౌ-4 కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్లీ చదువు. వృషభ రాశిలోని పసి నక్షత్రం అది. 2004లో స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని తీసిన పరారుణ వర్ణపటాన్ని (వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసిన పట్టీని) బట్టి, దాని చక్రం నడుమ దాదాపు 10 ఆస్ట్రనామికల్ యూనిట్ల మేర దుమ్ము లేదని తెలిసింది (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం). గ్రహమే ఊడ్చి ఉంటుందని లెక్కలు కట్టారు. ఆ లెక్కల్లో తప్పు లేదు. 2008లో హవాయిలోని కెక్ దూరదర్శినికి రంధ్రాలున్న మూత బిగించి చూస్తే, అక్కడ ఉన్నవి దాదాపు సమానమైన వెలుగుతో రెండు నక్షత్రాలని తేలింది. వాటి మధ్య కనిపించే దూరం సుమారు 8 ఆస్ట్రనామికల్ యూనిట్లు. ఖాళీకి కారణం ఆ జంటే. నాలుగేళ్లపాటు గ్రహం గురించి జరిగిన చర్చ మొత్తం ఒక్క పరిశీలనతో ముగిసింది. ఆ పరిశీలన ముందే జరిగి ఉంటే ఎంత బాగుండేదో ఆలోచించు.

నీ నోటు పుస్తకం మొదటి పేజీలో ఒక నిష్పత్తి రాసుకో: ఖాళీ వ్యాసార్థం ఎంత, నక్షత్రాల మధ్య దూరం ఎంత. జంట మొత్తాన్ని చుట్టి ఉన్న చక్రంలో, జంట దూరానికి రెండు మూడు రెట్ల మేర లోపలి భాగం దానంతట అదే ఖాళీ అవుతుంది. కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తమైతే ఇంకొంచెం ఎక్కువ. అలాగే ఒక్కో నక్షత్రానికి సొంత చక్రం ఉంటే, దాని అంచు జంట దూరంలో సుమారు మూడో వంతు దగ్గర తెగిపోతుంది. చక్రాల గురించి ఆర్టిమోవిచ్, లుబోలు 1994లో చేసిన లెక్కలనూ, గ్రహాల కక్ష్యలు ఎక్కడ నిలుస్తాయో హోల్మన్, వీగర్ట్‌లు 1999లో ఇచ్చిన సూత్రాలనూ స్వయంగా కూర్చుని చేసి చూడు. ఎవరో రాసిన ప్రోగ్రాంలో అంకెలు వేసి జవాబు తీసుకుంటే ఆ పరిమితులు ఎక్కడివో నీకు ఎప్పటికీ అర్థం కావు.

ఆ నిష్పత్తి చెప్పే కథలు ఎంత వేరుగా ఉంటాయో చూడు. ధనుస్సు రాశిలో వి4046 అనే జంట ఉంది. ఆ రెండు నక్షత్రాలూ రెండున్నర రోజుల లోపే ఒకదాన్నొకటి చుట్టి వస్తాయి. వాటి మధ్య దూరం ఆస్ట్రనామికల్ యూనిట్‌లో 0.04 వంతు మాత్రమే. దాని దుమ్ము చక్రంలోని పెద్ద వలయం మాత్రం 30 యూనిట్లకు పైన ఉంది. అంటే నిష్పత్తి వందల్లో ఉంది. అంత దూరాన ఉన్న దుమ్ముకు ఆ జంట ఒకే నక్షత్రం లాంటిది. అక్కడి వలయాలకూ ఖాళీలకూ జంటను కారణంగా చూపలేం. అలాంటి చోట గ్రహాన్ని అనుమానించడం న్యాయం. నీ జాబితాలో అలాంటివాటిని ముందు పెట్టుకోమని గట్టిగా చెబుతున్నాను.

వృషభ రాశిలోని పసి తారల కుటుంబం జీజీ టౌ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ రెండు ప్రధాన నక్షత్రాల మధ్య సుమారు 35 ఆస్ట్రనామికల్ యూనిట్లు, వాటిలో ఒకటి మళ్లీ జంట. బయటి దట్టమైన వలయం సుమారు 180 యూనిట్ల దగ్గర మొదలవుతుంది. నిష్పత్తి ఐదు దాటింది. మామూలు లెక్కకు ఇది ఎక్కువ, గ్రహం ఉండి తీరాలనడానికి తక్కువ. కక్ష్య వలయపు తలంలో లేకుండా వాలి ఉందా, సాగి ఉందా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి నడుస్తోంది. 2014లో అల్మా అనే రేడియో దూరదర్శినుల సమూహపు పరిశీలనల్లో బయటి వలయం నుంచి లోపలికి వాయువు పాయగా పారుతున్నట్టు కనిపించింది. అంటే లోపలి చక్రాలు ఎండిపోకుండా బయటి నుంచి సరుకు అందుతోంది. గ్రహాల పుట్టుకకు ఇది ఎంతో ముఖ్యమైన విషయం. ఎందుకంటే, 40 యూనిట్ల లోపు దూరమున్న జంటల్లో సుమారు మూడింట రెండు వంతులు మొదటి పది లక్షల ఏళ్లలోనే చక్రాన్ని పోగొట్టుకుంటాయని 2012లో వృషభ రాశి తారల మీద చేసిన అధ్యయనం చెప్పింది. మిగిలినవి ఎలా నిలిచాయో చెప్పగలిగితే, గ్రహం దొరికినా దొరకకపోయినా నీ సిద్ధాంత వ్యాసానికి బలమైన అధ్యాయం అవుతుంది.

ఇంకొకటి జీడబ్ల్యూ ఓరియానిస్. మృగశిర నక్షత్రానికి చేరువలో, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మూడు నక్షత్రాల కుటుంబం. దాని వలయాలు ఒకదానికొకటి వేర్వేరు వాలులో ఉన్నాయి. 2020లో రెండు బృందాలు దాదాపు ఒకే సమయంలో దాన్ని పరిశీలించాయి. నక్షత్రాల గురుత్వమే చక్రాన్ని చీల్చిందని ఒక బృందం అంది. అది చాలదు, మధ్యలో గ్రహం లాంటిది ఉండవచ్చని రెండో బృందం అంది. ఆ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, వాయువు మందం గురించీ స్నిగ్ధత (జిగట) గురించీ ఎవరు ఏ ఊహతో మొదలుపెట్టారో గీతలు గీస్తూ చదువు. ముగింపు వాక్యాలు తర్వాత చూడవచ్చు, తేడా మొత్తం ఆ ఊహల్లోనే ఉంది.

ఇక రెండో నక్షత్రాన్ని పట్టుకునే పని. ముందు గయా అంతరిక్ష దూరదర్శిని తయారుచేసిన తారల పట్టికలో రూవే అనే విలువ చూడు. తార కదలిక ఒంటరి తార లెక్కకు ఎంత సరిపోలేదో అది చెబుతుంది. ఒంటరి తారకు అది ఒకటికి దగ్గరగా ఉంటుంది, 1.4 దాటితే జంట అని అనుమానిస్తారు. అయితే దుమ్ము చక్రం ఉన్న పసి తారల్లో చక్రం వల్ల కూడా ఆ విలువ పెరుగుతుంది. వాటికి 2.5 దాటితేనే పట్టించుకోవడం మంచిది. గయాకు దొరకనంత దగ్గరి జంటలు వర్ణపటంలో దొరుకుతాయి. తార కదిలితే వర్ణపటంలోని రేఖలూ జరుగుతాయి కనుక, అవి అటూ ఇటూ జరుగుతున్నాయా అని వేర్వేరు తేదీల వర్ణపటాలను పోల్చాలి. పసి నక్షత్రాల మీద మచ్చలు ఎక్కువ, ఆ మచ్చలు కూడా రేఖలను కదిలిస్తాయి కనుక ఒక్క రేఖను నమ్మవద్దు.

నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇంకొకటి ఉంది. అల్మాలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు వేగాల పటం దొరుకుతుంది. ఆ వేగాలను బట్టి నడుమ ఉన్న మొత్తం ద్రవ్యరాశి లెక్కకట్టవచ్చు. వర్ణపటాన్ని బట్టి తెలిసే నక్షత్ర ద్రవ్యరాశి కన్నా అది బాగా ఎక్కువగా ఉంటే, కనిపించకుండా ఇంకెవరో ఉన్నారన్నమాట. చక్రం వాలు కొలవడంలో చిన్న తేడా వచ్చినా ఈ లెక్క చాలా మారిపోతుంది. వాలును దుమ్ము నుంచీ వాయువు నుంచీ విడివిడిగా కొలిచి సరిచూసుకో.

చిత్రాల విషయానికి వస్తాను. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా 66 యాంటెన్నాల సమూహం. 2014లో అది తీసిన హెచ్ఎల్ టౌ అనే పసి నక్షత్రపు వలయాలు చూసి ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆ సమూహం ఇచ్చేది ఫొటో కాదని నువ్వు గుర్తుంచుకోవాలి. యాంటెన్నాల మధ్య ఉన్న దూరాలన్నిటికీ కొలతలు దొరకవు, ఆ లోటును గణితంతో పూరించి చిత్రం తయారుచేస్తాం. దగ్గరి యాంటెన్నాల కొలతలు తక్కువైతే లేని వలయాలు పుడతాయి. ఒకే దత్తాంశంతో, ఏ కొలతకు ఎంత ప్రాధాన్యమివ్వాలో చెప్పే బరువులు మార్చి మార్చి నాలుగైదు చిత్రాలు చెయ్యి, అన్నిటిలోనూ నిలిచిన ఖాళీనే ఖాళీగా లెక్కపెట్టు. తర్వాత దత్తాంశంలో నువ్వే ఒక దొంగ గ్రహాన్ని పెట్టి, అదే దారిలో తిరిగి దొరుకుతుందో లేదో చూడు. నువ్వు పెట్టినదే నీకు దొరకకపోతే, దొరికిందనుకున్నదాన్ని ఎవరు నమ్ముతారు?

ప్రకాశవంతమైన చుక్కను చూసి కూడా తొందరపడవద్దు. ఎల్‌కేసీఏ 15 అనే పసి నక్షత్రం చుట్టూ గ్రహాలున్నాయని, వాటిలో ఒకటి వాయువును మింగుతూ హైడ్రోజన్ ఆల్ఫా కాంతిలో (వేడెక్కిన హైడ్రోజన్ ఇచ్చే ఎర్రని కాంతిలో) వెలుగుతోందని 2015లో ప్రకటించారు. 2019 పరిశీలనలు అందులో చాలా భాగం చక్రం నుంచి చెదిరిన వెలుగేనని చూపాయి. పీడీఎస్ 70 అనే మరో పసి నక్షత్రం చుట్టూ ఉన్న రెండు గ్రహాలు మాత్రం నిలిచాయి. మొదటిది 2018లో, రెండోది 2019లో దొరికాయి. ఎందుకు నిలిచాయంటే వేర్వేరు దూరదర్శినులతో, వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో, వేర్వేరు తేదీల్లో చూసినా ఉన్నాయి, కక్ష్యలో కదిలాయి కూడా. రెండోదాని చుట్టూ సొంత దుమ్ము చక్రం ఉందని 2021లో అల్మా చూపింది. అది ఒంటరి నక్షత్రం. జంట దగ్గర ఇంతకన్నా గట్టి రుజువు కావాలి, ఎందుకంటే వాయువును మింగే చిన్న ఎర్ర నక్షత్రం కూడా అదే హైడ్రోజన్ ఆల్ఫా కాంతినిస్తుంది. హెచ్‌డీ 100453 చక్రంలోని రెండు అందమైన సర్పిలాలను లాగుతున్నది బయట తిరిగే ఎర్ర మరుగుజ్జు తారే.

ఇదంతా చదివి నిరాశపడకు తల్లీ. జంట చుట్టూ గ్రహాలు పుడతాయన్నది సందేహం లేని సంగతి. 2011లో దొరికిన కెప్లర్-16బీ శని అంత గ్రహం. దాని రెండు సూర్యులు 41 రోజులకొకసారి ఒకదాన్నొకటి చుట్టుకుంటుంటే, అది 229 రోజుల్లో ఆ రెండింటినీ చుట్టి వస్తుంది. ఇలాంటి గ్రహాలు చాలావరకు స్థిరత్వపు హద్దుకు, అంటే జంట చుట్టూ కక్ష్య చెదరకుండా నిలవగల దూరానికి, కాస్త బయటే కనిపించాయి. అంత లోపల శిలలు ఒకదాన్నొకటి గుద్దుకునే వేగం ఎక్కువ. అవి అతుక్కోవు, పగిలిపోతాయి. కాబట్టి గ్రహం దూరంగా పుట్టి లోపలికి జరిగి, ఖాళీ అంచు దగ్గర ఆగి ఉంటుందని చాలామంది ఆలోచన. నా అభిప్రాయమూ అదే. మేటవేసిన దుమ్ము లోపలి అంచున మెరుస్తూ కళ్లను లాగుతుంది, నువ్వు మాత్రం బయటి మసక వలయాల మీద సమయం పెట్టు. గోదావరి మలుపులో ఇసుక మేటవేసినట్టు పీడనం పెరిగిన చోట దుమ్ము ఆగుతుంది. ఆ మేటలు జంట దూరానికి ఎన్నో రెట్ల అవతల కనిపిస్తే నీ గ్రహం అక్కడే దొరకవచ్చు.

మన దగ్గర సాధనాలు లేవని రాశావు. అల్మా దత్తాంశం సాధారణంగా 12 నెలల తర్వాత అందరికీ ఉచితం. గయా దత్తాంశం, తారల వెలుగు మార్పులను కొలిచే టెస్ ఉపగ్రహ దత్తాంశం కూడా ఉచితమే. లదాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శిని, నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని ఉన్నాయి. పసి తారల వర్ణపటాలకు అవి సరిపోతాయి, ప్రతిపాదన రాసి సమయం అడుగు. జంట తారల వెలుగును కొలవడం మన తెలంగాణకు పాత విద్య. ఉస్మానియాలో ఖగోళ శాస్త్రవేత్త అభ్యంకర్ గారి కాలంలో రంగాపూర్ 48 అంగుళాల దూరదర్శినితో గ్రహణ జంటలను (ఒకదాన్నొకటి కప్పుతూ తిరిగే జంట తారలను) ఓపికగా కొలిచేవారు. నేను పని నేర్చుకున్నదీ ఆ పద్ధతిలోనే. దూరదర్శినిని తారకు తిప్పే ముందు పోలిక తారలను ఎంచుకోవడం, ప్రతి రాత్రి గాలినీ తేమనూ రాసి పెట్టుకోవడం అక్కడ అలవాటైంది. ఇవాళ్టి కంప్యూటర్ పనికీ ఆ అలవాటే కావాలి. ఏ రోజు ఏ ఫైలుకు ఏ మార్పు చేశావో రాసుకో.

ఆకాశాన్ని కళ్లతో చూడటం మానవద్దు. జీజీ టౌ రోహిణికి ఒకటిన్నర డిగ్రీల లోపే ఉంది. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు కనుక అది మన నడినెత్తికి అర డిగ్రీ దూరం నుంచి దాటిపోతుంది. హెచ్ఎల్ టౌ ఇంకా దగ్గరగా పోతుంది. జనవరి మొదట్లో రాత్రి పది గంటలకు అవి తల మీదే ఉంటాయి, వాటి వెలుగు దాటవలసిన గాలి మన దగ్గర అతి తక్కువ. హనుమకొండలో దీపాల వెలుగు ఎక్కువ, ములుగు దాటి లక్నవరం వైపు వెళితే ఆకాశం బాగుంటుంది. ఎనిమిది అంగుళాల దూరదర్శినికి మంచి కెమెరా తగిలిస్తే జీజీ టౌ చుక్కగా దొరుకుతుంది. దాని వెలుగు రాత్రి రాత్రికీ మారడం నీ చేతులతో కొలిస్తే, పసి నక్షత్రం ఎంత అల్లరిదో తెలుస్తుంది. తర్వాత వర్ణపటంలో రేఖ కదిలినప్పుడు తొందరపడవు.

గ్రహం దొరకకపోతే ఏమిటని భయపడుతున్నావు. ఇంత బరువు కన్నా పెద్దది ఇక్కడ లేదు అని గట్టిగా చెప్పగలిగితే అది పూర్తి స్థాయి పరిశోధన పత్రం. అలాంటి పత్రాలు తక్కువ రావడం వల్లే ఈ రంగంలో లెక్కలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. నీ గైడు గ్రహం అనమని ఒత్తిడి చేస్తే గౌరవంగానే నిష్పత్తిని ఆయన ముందు పెట్టు. చదువు అయ్యాక ఏ ఉద్యోగం వస్తుందని ఇంట్లో అడిగే ప్రశ్నకు జవాబు నేను అక్కయ్యతో మాట్లాడతాను, ఆ బరువు నువ్వు మోయకు.

ఈ వారం నీ నక్షత్రానికి మూడు అంకెలు తేల్చు: గయా రూవే, పాత వర్ణపటాల్లో రేఖ ఎంత జరిగిందో, వాయువు వేగాల నుంచి వచ్చే మొత్తం ద్రవ్యరాశి. మూడూ వచ్చాక ఫోను చెయ్యి, మధ్యాహ్నం రెండు దాటితే ఇంట్లోనే ఉంటాను. అక్కయ్యనూ బావగారినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య