సాధన గదికి పోస్టర్ తయారుచేసే విధానం

చిరంజీవి మేనల్లుడికి పెదమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అడయారులో మీరు కలుసుకునే గది గోడకు రిమోట్ వ్యూయింగ్ (కంటికి కనబడని లక్ష్యాన్ని మనసుతో గ్రహించి కాగితం మీద పెట్టే ప్రయత్నం) సాధన పోస్టర్ వేయిస్తున్నానని, అందులో ఏమేమి ఉండాలో చెప్పమని అడిగావు. చాలాకాలంగా ఈ సాధన చేయిస్తున్నవాడిగా చెబుతున్నాను: పెన్ను పట్టుకున్న మనిషి తలెత్తి చూసినప్పుడు, ఆ క్షణంలో తాను చేయవలసిన పని మాత్రమే అతనికి కనబడాలి. కాబట్టి సంజయుడి బొమ్మ వేయించవద్దు. కురుక్షేత్రమంతా కళ్లకు కట్టినట్లు కనబడుతుందని ఆశపడి కూర్చున్నవాడు, తనకు తోచిన చిన్న గరుకుదనాన్నీ చల్లదనాన్నీ లెక్కలేనివిగా భావించి వదిలేస్తాడు.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రసెల్ టార్గ్, హెరాల్డ్ పుటాఫ్ 1972లో మొదలుపెట్టిన ప్రయోగాల నుండి, ఇంగో స్వాన్ అనే చిత్రకారుడి కృషితో ఆరు దశల పద్ధతి రూపొందింది. కొత్తవారికి మొదటి మూడు చాలు: లక్ష్యానికి, అంటే కవరులో దాచిన ఫోటోకు, ఇచ్చిన సంఖ్య వ్రాయగానే చేయి అప్రయత్నంగా గీసే గీత, ఆపైన రంగు, స్పర్శ, వేడి, వాసన, శబ్దం వంటి అనుభూతులు, చివరకు ఎత్తు, వెడల్పు, ఆకారం చూపే రేఖాచిత్రం.

అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండవలసిన మాట ‘పేరు పెట్టవద్దు’ అన్నది. నిలువుగా, రాతిలా ఏదో తోచగానే మనసు తొందరపడి ‘కపాలీశ్వరుడి గోపురం’ అంటుంది. ఆ తరువాత వచ్చేవన్నీ గోపురానికి అతికించిన ఊహలే అవుతాయి. ఈ పద్ధతిలో దీనిని అనలిటికల్ ఓవర్‌లే అంటారు. అలాంటి పేరు తోస్తే దానిని కాగితం కుడి అంచున వ్రాసి, పెన్ను కింద పెట్టి, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాలని పోస్టర్‌లో స్పష్టంగా ఉండాలి. మద్రాసులో పెరిగిన మీకు మెరీనా లైట్‌హౌసూ సెంట్రల్ స్టేషనూ కంఠతా వచ్చు కనుక, ఊరి కట్టడాలను లక్ష్యాలుగా పెట్టుకోకపోవడమే మేలు.

లక్ష్యం ఫోటో వెలుతురు చొరని కవరులో ఉండాలి, సాధన చేయించేవారికి కూడా అదేమిటో తెలియకూడదు. పూర్తయిన కాగితాన్ని మూడో వ్యక్తికి ఇచ్చి, నాలుగు ఫోటోల్లో ఏది సరిపోలుతుందో ఎంచమనాలి. కేవలం యాదృచ్ఛికంగానైనా నాలుగింట ఒకటి కుదురుతుందని పక్కనే వ్రాయించు. కాగితంలో వెనుకటి లక్ష్యాల ప్రస్తావన రాకూడదు. టార్గ్, పుటాఫ్‌ల ప్రయోగ పత్రాల్లో అటువంటి ఆనవాళ్లు ఉన్నాయనీ, వాటి ఆధారంగానే ఏ కాగితం ఏ లక్ష్యానిదో జతలు కుదర్చవచ్చనీ డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కామన్ 1978లో చూపించారు.

అడుగున, చిన్నదైనా చదవగలిగే అక్షరాల్లో, మరొక వాక్యం తప్పనిసరి. రిమోట్ వ్యూయింగ్‌ను గూఢచర్యానికి వాడిచూసేందుకు అమెరికా ప్రభుత్వం నడిపిన స్టార్‌గేట్ కార్యక్రమాన్ని 1995లో సమీక్షించినప్పుడు, ఫలితాల్లో యాదృచ్ఛికతను మించినది ఉందని గణాంక శాస్త్రవేత్త జెస్సికా అట్స్ భావించగా మనస్తత్వ శాస్త్రవేత్త రే హైమన్ అంగీకరించలేదు. గూఢచర్యానికి అది పనికివచ్చిన దాఖలా లేదని సమీక్ష తేల్చగా కార్యక్రమం ఆగిపోయింది. ఇది రోజూ కళ్లెదుట ఉంటే, తప్పిపోయిన పిల్లల గురించో జబ్బు గురించో అడగవచ్చిన తల్లిదండ్రులకు మీలో ఎవరూ లేనిపోని ఆశ కల్పించరు. ఈ విషయంలో నా మాట తీసివేయవద్దు.

ఫ్లెక్స్ మీద ట్యూబులైటు మెరుస్తుంది కనుక మందపాటి కాగితానికి మెరుపు లేని లామినేషన్ చేయించు. సముద్రపు తేమకు అంచులు చుట్టుకోకుండా చట్రం బిగించు. అచ్చుకు ఇచ్చేముందు చేతివ్రాత నమూనా పంపితే దిద్ది పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదమామయ్య,
మైలాపూరు